పక్కవాడి ఆట



గంటకు 565 కిలోమీటర్లు. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకా అనే ఊళ్లో, ఒక జిమ్‌లో, మన అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ కొట్టిన షటిల్ స్మాష్ వేగం అది. కాక్ బ్యాట్‌ను వదిలిన క్షణంలో కొలిచిన వేగం. అంతకు ముందు పదేళ్లుగా 493 కిలోమీటర్ల రికార్డు మలేసియా ఆటగాడు టాన్ బూన్ హ్యాంగ్ పేరిట ఉండేది. సాత్విక్ దాన్ని ఒకేసారి 72 కిలోమీటర్లు దాటించి గిన్నిస్‌కెక్కాడు. ఆ టాన్ కూడా డబుల్స్ ఆటగాడే. ఈ ఆటలో అందరికంటే గట్టిగా బాదే చేతులు డబుల్స్‌వాళ్లవే.

అయితే ఆ దెబ్బను తీయడానికి అవతల ప్రత్యర్థి లేడు, ఇవతల భాగస్వామితో పనీ లేదు. డబుల్స్ ఆటగాడు పూర్తిగా తనదని చెప్పుకోగలిగింది బహుశా అలాంటి రికార్డు ఒక్కటే. పతకం, ర్యాంకు, బహుమతి డబ్బు, ఓటమి, ఆఖరికి విశ్రాంతి కూడా, అన్నీ సగం పక్కవాడివి. ఆ సగం కథే ఈ పూట చెప్పదలచుకున్నాను.

మన ఊళ్లలో షటిల్ అంటేనే డబుల్స్. చలికాలం సాయంత్రాలు వీధిలో సున్నంతో గీతలు గీసి, రెండు కర్రలకు నెట్ కట్టి, ఒక బల్బు వేలాడదీసి ఆడే ఆటలో ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. కోర్టు ఒకటే, వంతు కోసం కాచుకున్నవాళ్లు పదిమంది మరి. పొద్దున్నే క్లబ్బులో ఆడే పెద్దమనుషుల సంగతీ అంతే, యాభై దాటాక సింగిల్స్ ఆడే ఊపిరి ఎవరికుంది చెప్పండి? కానీ పేపర్లో చదివేది, టీవీలో చూసేది మాత్రం సింగిల్స్. ప్రకాశ్ పదుకోణ్, పుల్లెల గోపీచంద్, సైనా, సింధు, కిడాంబి శ్రీకాంత్, మన నోట పలికే పెద్ద పేర్లన్నీ ఒంటరి ఆటవాళ్లవే. ఆడేదొకటి, ఆరాధించేదొకటి.

ఈ తేడా వీధితో ఆగలేదు, శిక్షణ దాకా పాకింది. సింగిల్స్‌లో పైకి రాలేడనుకున్న పిల్లవాణ్ని డబుల్స్‌కు పంపడం మన దగ్గర చాలాకాలం మామూలు విషయం. డబుల్స్‌కు వేరే కాళ్లు, వేరే కళ్లు, వేరే కోచ్ కావాలన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది. దాన్ని మొహమాటం లేకుండా అడిగిన మనిషి గుత్తా జ్వాల. తండ్రి తెలుగువారు, తల్లి చైనా మూలాలున్న ఆవిడ. పెరిగింది హైదరాబాద్‌లో, ఆట నేర్చింది ఎస్.ఎం. ఆరిఫ్ గారి దగ్గర. డబుల్స్‌ను చిన్నచూపు చూస్తున్నారని ఆమె ఎన్నోసార్లు బాహాటంగా అన్నది. ఆ మాటల ఘాటు గుర్తున్నంతగా, ఆమె ఆట మనకు గుర్తులేదు. అది అన్యాయమని నా అభిప్రాయం.

ఆమె ఎడమచేతి వాటం ఆటగత్తె. నెట్ దగ్గర జ్వాల, వెనక నుంచి బలంగా కొట్టే అశ్వినీ పొన్నప్ప. ఈ జంట 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది లండన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం తెచ్చింది. 1983లో పదుకోణ్ కాంస్యం తరువాత ఆ పోటీల్లో భారత్‌కు దక్కిన రెండో పతకం అదే. ఇరవై ఎనిమిదేళ్ల కరువును డబుల్స్ జంట తీర్చిందన్నమాట. 2012లో అదే లండన్‌లో ఒలింపిక్స్. గ్రూపులో మూడు మ్యాచ్‌లకు రెండు గెలిచారు. కానీ జపాన్, తైవాన్ జంటలు కూడా రెండేసి గెలిచాయి. గేముల లెక్క తీశారు, తేలలేదు. పాయింట్ల లెక్క తీశారు. జపాన్ జంట కంటే మనవాళ్లకు ఒక్క పాయింటు తక్కువ. ఒకే ఒక్కటి. ముందుకు వెళ్లిన ఆ జపాన్ జంట, ఫుజీ, కాకీవా, ఫైనల్ దాకా నడిచి రజతం మెడలో వేసుకుంది. ఈ పాయింటును కాస్త గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఆట లోపలికి వెళదాం. రేడియోలో బొమ్మ గీయలేను, మీరే ఊహించుకోవాలి. కోర్టు పొడవు 13.4 మీటర్లు. సింగిల్స్‌లో వెడల్పు 5.18 మీటర్లు, డబుల్స్‌లో 6.1. అంటే మనిషి రెట్టింపయ్యాడు, స్థలం మాత్రం మూరెడు చొప్పున అటూ ఇటూ పెరిగింది. ఖాళీ దొరకదు. సింగిల్స్‌లో ప్రత్యర్థిని మూలమూలకూ పరుగెత్తించి అలసిపోయేలా చేయొచ్చు. ఇక్కడ ఎటు కొట్టినా ఎవరో ఒకరు ఉంటారు. అందుకని ఆట వేగం మీదికి, కోణం మీదికి మళ్లుతుంది.

సర్వీసు చూడండి. సింగిల్స్‌లో కాక్‌ను ఎత్తుగా లేపి వెనక గీత దాకా పంపొచ్చు. డబుల్స్‌లో సర్వీసు గీత దానికి 76 సెంటీమీటర్లు లోపలే ఆగిపోతుంది. ఎత్తుగా వేశావా, అవతలివాడు ఎగిరి నీ ఛాతీ మీదికే కొడతాడు. కాబట్టి బ్యాట్‌ను ముందుకు పట్టి, బ్యాక్‌హ్యాండ్‌తో, నెట్ అంచును రాసుకుంటూ పోయేలా చిన్నగా తోయాలి. దానికి తోడు 2018లో కొత్త నిబంధన వచ్చింది. కాక్‌ను కొట్టే క్షణంలో అది నేలకు 1.15 మీటర్ల ఎత్తు మించకూడదు. పొట్టివాళ్లకు ఫరవాలేదు. ఆరడుగులవాళ్లు చేతిని కిందికి దించి, ఒళ్లు సర్దుకుని, అలవాటైన సర్వీసును మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. సాత్విక్, అతని జోడీ చిరాగ్ ఇద్దరూ పొడగరులే.

ఇక దాడి. ఒకడు వెనక నుంచి స్మాష్ కొడతాడు, రెండోవాడు నెట్ దగ్గర కాచుకుంటాడు. చూసేవాళ్ల చూపు వెనకవాడి మీదే. నిజానికి మంచి జంటల మధ్య మ్యాచ్‌లో ఒక్క స్మాష్‌తో పాయింటు రావడం తక్కువ. అవతలివాళ్లు తీస్తారు, కానీ తీసేటప్పుడు కాక్ కొంచెం లేస్తుంది. ఆ కొంచెం కోసమే స్మాష్. లేచినదాన్ని నెట్ మీదే కిందికి తొక్కేవాడు ముందువాడు. అతడు ఒక్క అరక్షణం ఆలస్యమైతే వెనకవాడు మళ్లీ ఎగరాలి, మళ్లీ బాదాలి. అలా ఆరుసార్లు బాదినవాడి భుజం ఏడోసారి మాట వినదు. ముందువాడు బద్ధకిస్తే అరిగేది వెనకవాడి భుజం.

మరో చిక్కు. ముందు నిలబడినవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే మొహం మీదికి వస్తుంది కాక్. భాగస్వామి ఎడమకు పోయాడా, కుడికి పోయాడా, కొడతాడా, నెమ్మదిగా వదులుతాడా అన్నది చూడకుండానే తెలియాలి. బూట్ల చప్పుడు, బ్యాట్ తగిలిన శబ్దం, వేల గంటల అలవాటు. ఇది పుస్తకంలో చదివి నేర్చుకునేది కాదు, ఒకే మనిషితో ఏళ్ల తరబడి ఆడాలి.

సాత్విక్‌కు ఆ మనిషి దొరికిన తీరు చిత్రంగా ఉంటుంది. 2000 ఆగస్టు 13న పుట్టాడు. తండ్రి కాశీ విశ్వనాథం గారు వ్యాయామ ఉపాధ్యాయులు, తాను కూడా షటిల్ ఆడినవారు. కోనసీమ నుంచి 2014లో హైదరాబాద్, గోపీచంద్ అకాడమీకి చేరాడు. జూనియర్ పోటీల్లో అతని జోడీ మన ఆంధ్రా కుర్రాడే, గారగ కృష్ణప్రసాద్. ఆ రోజుల్లో మన డబుల్స్‌కు శిక్షకుడిగా మలేసియా నుంచి టాన్ కిమ్ హర్ వచ్చాడు. ఆయన 2016లో సాత్విక్‌ను విడదీసి ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టితో కలిపాడు. చిరాగ్ మూడేళ్లు పెద్ద. ఇద్దరూ వెనక నుంచి బాదే రకం. నెట్ దగ్గర నిలబడటం ఇద్దరికీ పెద్దగా తెలియదు. పైగా ఒకరిది అమలాపురం తెలుగు, ఇంకొకరిది ముంబై హిందీ. కాగితం మీద చూస్తే ఇది కుదరాల్సిన సంబంధం కాదు. టాన్ చూసింది ఎత్తు, బలం. మిగతాది నేర్పొచ్చు అనుకున్నట్టున్నాడు. నేర్పాడు కూడా. చిరాగ్ క్రమంగా ముందుకు జరిగాడు, సాత్విక్ వెనక స్థిరపడ్డాడు, అవసరమైతే స్థానాలు మార్చుకోవడం అలవాటు చేసుకున్నారు.

2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలు. మిక్స్‌డ్ టీమ్ స్వర్ణంలో సాత్విక్ పాత్ర ఉంది, పురుషుల డబుల్స్‌లో రజతం. అప్పటికి పద్దెనిమిది నిండలేదు. 2019 ఆగస్టులో థాయ్‌లాండ్ ఓపెన్. ఫైనల్లో చైనా జంట లి జున్‌హుయి, లియు యుచెన్‌లను మూడు గేముల్లో ఓడించారు. సూపర్ 500 స్థాయి టైటిల్ గెలిచిన తొలి భారత డబుల్స్ జంట వీళ్లే.

ఆ తరువాత టోక్యో ఒలింపిక్స్, 2021 జులై. తొలి మ్యాచ్ తైవాన్ జంట లీ యాంగ్, వాంగ్ చి-లిన్‌తో. మూడో గేమ్ 27-25 దాకా సాగి మనవాళ్ల చేతికొచ్చింది. తరువాత ఇండోనేసియా అగ్రజంట గిడియన్, సుకాముల్జో చేతిలో ఓడారు. చివరి మ్యాచ్‌లో బ్రిటన్ జంటను ఓడించారు. మూడింటికి రెండు గెలుపులు. కానీ తైవాన్ జంట ఇండోనేసియాను ఓడించింది. మళ్లీ మూడు జంటలు, మళ్లీ రెండేసి గెలుపులు. గేముల తేడా లెక్క తీశారు. ఇండోనేసియాకు మూడు, తైవాన్‌కు రెండు, మనకు ఒకటి. ఇంటికి రావలసింది మనవాళ్లే. తాము ఓడించిన లీ యాంగ్, వాంగ్ ఆ నెలాఖరున ఒలింపిక్ స్వర్ణం అందుకోవడం వీళ్లు బయట నుంచి చూశారు.

లండన్‌లో జ్వాలకు, టోక్యోలో సాత్విక్‌కు, తొమ్మిదేళ్ల తేడాతో ఒకే కూడికలు, ఒకే తీసివేతలు. విధి అనడం నాకిష్టం లేదు. దీనికి కారణం మామూలుదే. ఒలింపిక్ డబుల్స్‌కు ప్రవేశించే జంటలు పదహారే. నాలుగేసి జంటల గ్రూపుల్లో ఒక్క మ్యాచ్‌లో చూపిన ఉదాసీనత కూడా తరువాత లెక్కలో తేలుతుంది. ఓడే మ్యాచ్‌లో సైతం ఒక గేమ్ లాక్కోవాలి. టోక్యోలో ఇండోనేసియా చేతిలో 13-21, 12-21తో ఓడినదే కొంప ముంచింది. ఒక్క గేమ్ గెలిచి ఓడి ఉంటే కథ వేరుగా ఉండేదేమో.

ఆ ఓటమి నుంచి పది నెలలు తిరక్కుండానే బ్యాంకాక్‌లో పురుషుల జట్ల పోటీ, థామస్ కప్. 1949లో మొదలైన ఈ పోటీలో భారత్ ఎన్నడూ ఫైనల్ చేరలేదు. 2022 మే 15న ఫైనల్. అవతల 14 సార్లు విజేత ఇండోనేసియా. లక్ష్య సేన్ తొలి సింగిల్స్ గెలిచాడు. రెండో మ్యాచ్ మనవాళ్లది. గిడియన్ గాయంతో రాకపోవడంతో ఇండోనేసియా మహమ్మద్ ఆహ్సాన్‌ను, సుకాముల్జోను జతకట్టి దింపింది. రోజూ కలిసి ఆడే జంట కాదు, అయినా చేతులెత్తేసే మనుషులు కాదుగా. తొలి గేమ్ వాళ్లది. రెండో గేమ్‌లో నాలుగుసార్లు మ్యాచ్ పాయింట్ దగ్గరకు వచ్చారు. నాలుగుసార్లూ సాత్విక్, చిరాగ్ తప్పించుకున్నారు. 23-21. మూడోది 21-19. తరువాత శ్రీకాంత్ వచ్చి పని ముగించాడు. భారత్ 3-0.

పేపర్లలో పెద్దగా రాని మాట ఒకటి చెబుతాను. ఆ జట్టులో కృష్ణప్రసాద్ కూడా ఉన్నాడు. 2016లో సాత్విక్ పక్క నుంచి తప్పుకోవలసి వచ్చిన కుర్రాడు, తెలంగాణకు చెందిన పంజాల విష్ణువర్ధన్ గౌడ్‌తో కలిసి రెండో డబుల్స్ జంటగా క్వార్టర్స్‌లో, సెమీస్‌లో ఆడాడు. ఆ మ్యాచ్‌లు ఓడారు. స్వర్ణం అందరికీ వచ్చింది. విడిపోయినవాళ్లూ కలిసినవాళ్లూ ఒకే వేదిక మీద నిలబడి ఫోటో దిగారు.

2022, 2023 సంవత్సరాలను గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే గెలుపుల జాబితా వినడానికి విసుగు. బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం. టోక్యోలో ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం. 2023లో దుబాయ్‌లో ఆసియా టైటిల్, 1965లో దినేశ్ ఖన్నా తరువాత ఆ పోటీల్లో భారత్‌కు తొలి స్వర్ణం. జూన్‌లో ఇండోనేసియా ఓపెన్, సూపర్ 1000. అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల స్వర్ణం, ఫైనల్లో కొరియా జంట చోయ్ సోల్-గ్యు, కిమ్ వోన్-హో మీద. మూడు రోజులు తిరిగేసరికి ప్రపంచ నంబర్ వన్.

ఆ ఇండోనేసియా ఓపెన్ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, డబ్బు మాట ఉంది. మొత్తం బహుమతి 12 లక్షల 50 వేల డాలర్లు. సింగిల్స్ విజేతకు అందులో 7 శాతం, 87,500 డాలర్లు. డబుల్స్ గెలిచిన జంటకు 7.4 శాతం, 92,500. ఒక్కొక్కరికి కాదు, ఇద్దరికీ కలిపి. తలకు 46,250. అదే వారం, అదే హాలు, అన్నే రౌండ్లు, సగం కంటే కాస్త ఎక్కువ కూలి. విమానం టికెట్టు సగానికి రాదు, ఫిజియో ఫీజు సగానికి రాదు. సింగిల్స్ వైపు పిల్లలు మొగ్గుతారంటే తల్లిదండ్రులను తప్పుపట్టలేం.

ర్యాంకు సంగతీ అలాంటిదే. ర్యాంకు మనిషికి ఇవ్వరు, జంటకు ఇస్తారు. ఏడాదిలో ఆడిన మేలైన పది టోర్నీల పాయింట్లు కూడతారు. జోడీ మారితే కొత్త జంట సున్నా నుంచి ఎక్కాలి. ఒకడు ఆడకపోతే ఇద్దరూ జారతారు. 2024 ఏప్రిల్‌లో సాత్విక్ భుజం నొప్పితో ఆసియా చాంపియన్‌షిప్ వదులుకున్నారు. చిరాగ్ భుజం బాగానే ఉంది, ఏం లాభం? మన రైతులకు చెప్పనక్కరలేదు, కాడికి కట్టిన జోడెడ్లలో ఒకటి కుంటితే రెండోది ఎంత బలంగా ఉన్నా ఆ రోజుకు దుక్కి లేదు.

ఆ ఏడాది ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మలేసియా జంట ఆరన్ చియా, సో వూయి యిక్‌తో తలపడ్డారు. తొలి గేమ్ 21-13తో గెలిచి, మిగతా రెండూ పోగొట్టుకున్నారు. టోక్యో ముందు నుంచి మనవాళ్లను తీర్చిదిద్దిన డెన్మార్క్ కోచ్ మథియస్ బో తప్పుకున్నాడు. మొదట కలిపిన టాన్ కిమ్ హర్ తిరిగొచ్చాడు. 2025 ఫిబ్రవరిలో, కొడుకు ఖేల్‌రత్న అందుకునే వేళ, కాశీ విశ్వనాథం గారు గుండెపోటుతో కన్నుమూశారు. కొన్ని వారాలకే, మార్చిలో, సాత్విక్ ఆల్ ఇంగ్లండ్‌లో కోర్టులో ఉన్నాడు. సింగిల్స్ ఆడేవాడైతే ఆ సీజన్ వద్దనుకునే హక్కు అతని ఒక్కడిది. ఇక్కడ ఆ నిర్ణయం వెనక మరో మనిషి ఏడాది కూడా ఉంటుంది. ఆ టోర్నీ రెండో రౌండ్‌లో ఈసారి చిరాగ్ నడుం పట్టేసింది. మ్యాచ్ మధ్యలో వదిలేశారు. క్రికెట్‌లోలా బదులు ఆటగాడు రాడు.

ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌షిప్ పారిస్‌లోనే, ఒలింపిక్స్ జరిగిన ఆ హాల్లోనే. క్వార్టర్ ఫైనల్లో ఎదురైంది మళ్లీ చియా, సో. ఈసారి 21-12, 21-19. పతకం ఖాయమైంది. సెమీస్‌లో చైనా కొత్త జంట చేతిలో ఓడి కాంస్యంతో తిరిగొచ్చారు.

ఆ సెప్టెంబరులో చైనా మాస్టర్స్ ఫైనల్లో వీళ్లను ఓడించిన కొరియా జంట కిమ్ వోన్-హో, సో సుంగ్-జే. పేర్లు గమనించారా? కిమ్ హాంగ్‌జౌ ఫైనల్లో వేరే జోడీతో ఓడినవాడు. సో సుంగ్-జే 2024 జనవరిలో ఢిల్లీలో ఇండియా ఓపెన్ ఫైనల్లో కాంగ్ మిన్-హ్యుక్‌తో కలిసి మనవాళ్లను ఓడించినవాడు. కొరియావాళ్లు రెండు మంచి జంటలను విప్పి, మేలైన రెండు సగాలను కలిపారు. ఆ జంట కొద్ది నెలల్లోనే ప్రపంచ చాంపియన్. మనకు ఆ పని చేతకాదని కాదు. విప్పి కలపడానికి ఆ స్థాయి ఆటగాళ్లు ఆరుగురో ఎనిమిదిమందో ఉండాలి, మన పురుషుల డబుల్స్‌లో ఉన్నది ఇద్దరు.

కాబట్టి వీళ్లకు వేరే దారి లేదు, ఒకరితో ఒకరు ఎంతకాలం నిలుస్తారన్నదే ప్రశ్న. ఇండోనేసియా హెండ్రా సెతియావాన్ 2008లో ఒక జోడీతో ఒలింపిక్ స్వర్ణం గెలిచి, 2019లో ఆహ్సాన్‌తో కలిసి మళ్లీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ ఫైనల్ రోజుకు అతనికి సరిగ్గా 35 నిండాయి. అదే కొలత పెట్టుకుంటే, 2025 నాటికి 25 ఏళ్లున్న సాత్విక్‌కు అక్కడి నుంచి ఇంకా పదేళ్లున్నాయి. చిరాగ్‌కు ఏడు. జంటకు కూడా ఏడే.